తడిబట్టల ఒట్టు

ఇటు జరిగి కూర్చో బిడ్డా. ఆ కూలరు గోలలో నా మాట నీ చెవిన పడదు. ఇంకా దగ్గరికి రా, ఇది అరిచి చెప్పే ముచ్చట కాదు. మన వరంగల్‌లోనే, మిర్చి మార్కెట్టు వెనుక బస్తీలో, మొన్నటి ఎండాకాలం జరిగింది. మానస అనే పిల్లకు జరిగింది. చేసింది మొగిలమ్మ. నడుమ అడ్డం రాకుండా విను, ప్రశ్నలుంటే చివర్లో అడుగుదువు గాని.

సోమవారం పొద్దున షెడ్డు కింద మిర్చి కుప్ప పోశారు. ఆ ఘాటుకు హమాలీలు అప్పటికే తుమ్ముతున్నారు. ఆడవాళ్లు ముక్కులకు తువ్వాళ్లు చుట్టుకొని, గోనెపట్టాలు పరుచుకొని కుప్ప చుట్టూ కూర్చున్నారు. వాళ్ల పని తొడిమలు తీయడం. బొటనవేలి గోరును కాయ మెడ మీద ఆనించి ఒక్క తిప్పు తిప్పితే తొడిమ ఊడి ఒళ్లో పడాలి. కాయ పగలకూడదు, గింజ రాలకూడదు. పగిలిందంటే తూకం దగ్గర గుమాస్తా సణుగుడు వినాలి.

ఆ పనికి ఒక పద్ధతి ఉంది. కుప్ప మీద చెయ్యి వేసే ముందు అందరూ ఒకే గిన్నెలో వేళ్లు ముంచి మంచినూనె రాసుకుంటారు. రాసుకోకపోతే ఎండ ముదిరేసరికి వేళ్లు పొయ్యిలో పెట్టినట్టు మండుతాయి. గిన్నె ముఠా మేస్త్రి మొగిలమ్మది. ఎవరి వేలు ఆ గిన్నెలో మునిగితే వాళ్లు ఆ ముఠా మనిషి. వేరే హాజరు అంటూ ఏమీ లేదు.

మానస తల్లి నిర్మల నూనె రాసుకొని పక్కకు జరిగింది. మానస వంగి గిన్నె వైపు చెయ్యి చాపింది. మొగిలమ్మ గిన్నెను తీసి తన వెనక్కు పెట్టుకుంది.

"ఏందవ్వా?"

"నీకు లేదు."

మానస నవ్వబోయింది. మొగిలమ్మ మొహంలో నవ్వు లేదు. చుట్టూ ఉన్నవాళ్లు ఎవరూ తల ఎత్తలేదు. అప్పుడు అర్థమైంది ఆ పిల్లకు, ఇది తాను రాకముందే అనుకున్న మాట అని.

"మొన్న శనివారం పోరగాండ్లను ఇంట్ల కూసోవెట్టి ఏం చెప్పినవే?" అంది మొగిలమ్మ.

"హెచ్ఐవి గురించి చెప్పిన. ఎట్ల వస్తది, ఎట్ల రాదు, రాకుండ ఏం చెయ్యాలె…"

"అది నీకెట్ల ఎరుక?"

"పద్మలత మేడమోళ్లు ట్రైనింగ్ ఇచ్చిండ్రు గదా అవ్వా. మన బస్తీల వయసు పిల్లలకు చెప్పుమని నన్ను పెట్టిండ్రు."

"ట్రైనింగ్ అట!" మొగిలమ్మ అందరి వైపూ తిరిగింది. "పొయ్యి ముట్టియ్యనిది వంట నేర్పుతదా? చెర్ల దిగనోడు ఈత చెప్తడా? లేని రోగం ముచ్చట ఇది గంత సాఫ్‌గ ఎట్ల చెప్తాంది? ఒక్క గిన్నె ఉన్నది మనకు. అందరి వేళ్లు పగిలి ఉన్నయి. రేపు అందరికి అంటుకుంటే జిమ్మేదార్ ఎవలు?"

"గిన్నెల చెయ్యి పెడితే రాదు అవ్వా. కలిసి తింటే రాదు, పక్కన కూసుంటే రాదు. రోగం ఉన్నోళ్లతోని నిరోధ్ లేకుండ కలిస్తెనో, వాళ్ల సూది మనం పొడిపిచ్చుకుంటెనో…"

"సూసిండ్రా, మల్ల షురూ చేసింది! మొగోళ్లున్న షెడ్ల ఏం మాటలే అవి, సిగ్గులేనిదానా!"

హమాలీలలో ఎవడో ఈల వేశాడు. ఆడవాళ్లు తువ్వాళ్ల చాటున కిసుక్కుమన్నారు. మానస తల్లి వైపు చూసింది. నిర్మల తన నూనె చేతులను చూసుకుంటూ కూర్చుంది. కాసేపటికి ఆ చేతులతోనే ఒక కాయ అందుకుంది.

మానస ఉత్త చేతులతో పనిలోకి దిగింది. మొదటి గంపకు ఏమీ అనిపించలేదు. రెండో గంప నిండేసరికి గోటి సందుల్లోకి కారం దిగింది. చెమట కళ్లలోకి జారుతోంది, తుడుచుకుందామంటే చేతులు పనికిరావు. భుజం ఎత్తి రవికె చేతికి కళ్లు ఒత్తుకుంది. దాహమై నీళ్ల రంజన్ దగ్గరికి పోతే "ముట్టకు" అని వెనుక నుంచి కేక. ముఠాలో అందరికంటే పెద్దది బక్కమ్మ లేచి వచ్చి, ముంత ఎత్తి పట్టుకొని పైనుంచి దోసిట్లో పోసింది. ముంత తన చేతికి తగలకుండా ఎంత ఎత్తు లేపిందో మానస చూసింది. పాపం అనుకుంటూనే అంత ఎత్తు లేపింది ఆ ముసలమ్మ.

సాయంత్రం ఇంట్లో నిర్మల కూతురి చేతులకు పెరుగు పూస్తూ తిట్టింది. పూసినంతసేపూ తిట్టింది.

"నోరు మూసుకొని ఉంటే ఏం పోయేదే నీది? ఊరందరి పోరగాండ్లకు నువ్వేమన్న మేనత్తవా? ఎవలెట్ల పోతే నీకేం ఫికర్?"

"నొస్తాంది, మెల్లగ రాయే."

"నొయ్యనియ్. నాకు నొస్తలేదా? ముఠా లేకుంటే ఎట్ల బతుకుదుమే మనం?"

మంగళవారం కూడా గిన్నె మొగిలమ్మ వెనుకే ఉంది. బస్తీలో పిల్లలు మానసను చూసి "రోగం పంతులమ్మ" అని పాడుతూ వెంటపడ్డారు. కిరాణంలో చిల్లర ఆమె చేతిలో పెట్టకుండా బల్ల మీద పెట్టి వేలితో తోశారు. పక్కింటామె తాడు మీద ఆరేసిన బట్టలు తీసుకుపోయి వేరే వైపు ఆరేసుకుంది, గాలికి తగులుతాయని.

ఆ సాయంత్రం తూకం అయ్యాక మొగిలమ్మ అందరినీ ఆపి తీర్పు చెప్పింది.

"నేను అన్యాయం మనిషిని గాదు. ఆదివారం పొద్దుగాల పోచమ్మ గుడికాడికి రా. నెత్తిమీద నీళ్లు పోసుకొని, తడిబట్టల మీద గడప ముట్టి చెప్పు, నాకు ఆ రోగం లేదు అని. తల్లి ముందట అబద్ధమాడినోళ్లు ఎట్లయితరో అందరికెరుకే. చెప్పినవా, గిన్నె నేనే నీ ముందట పెడత. చెప్పకపోతివా, నువ్వు, మీ అమ్మ ఇద్దరు ఇంకోకాడ పని సూసుకోండ్రి."

మంచి మాట అన్నారు అందరూ. దొంగతనం పడినా, మంత్రాల నింద పడినా పెద్దల నాటి నుంచి ఇదే కదా దారి. నిర్మల రెండు చేతులూ జోడించింది. "వస్తది అక్కా, చెప్తది. లేనిది లేదని చెప్పనీకి ఏం బాధ?" అంది.

బుధవారం మధ్యాహ్నం పద్మలత హన్మకొండ నుంచి స్కూటీ మీద వచ్చింది. మానసకు శిక్షణ ఇచ్చిన సంస్థలో ఆమె పని చేస్తుంది, ఇలాంటి బస్తీలు ఇంకా చాలా చూసుకుంటుంది. మానస చెప్పిందంతా హెల్మెట్ ఒళ్లో పెట్టుకొని విన్నది.

"ఇట్లాంటి ఒట్లు పెట్టుడే తప్పు. నాకు తెలుసు," అంది. "కానీ మానసా, మనం శిక్షణలో అందరం టెస్టు చేయించుకున్నం కదా. నీకు లేదు. ఉన్నమాటే కదా చెప్పేది. చెప్పేసెయ్. లొల్లి పెరిగితే ఆఫీసువాళ్లు ఈ సెంటర్‌ను ఎత్తేసి వేరే బస్తీకి ఇస్తరు. అప్పుడు ఈ పిల్లలకు చెప్పేటోళ్లు ఎవరు?"

మానస తల ఊపింది. అందరూ ఒకటే అంటున్నారు. తల్లీ, మేడమూ, తిట్టే మొగిలమ్మా. నాలుగు మాటలు. గడప ముట్టి అనేస్తే వేళ్ల మంట పోతుంది, తల్లి కూలి నిలుస్తుంది. సరే అనుకుంది. నిజంగానే అనుకుంది బిడ్డా, ఆ పిల్లను నేను గొప్పచేసి చెప్పడం లేదు.

శనివారం సాయంత్రం పిల్లలకు చెప్పడానికి ఎప్పటిలాగే ఇంటి ముందు గదిలో చాప పరిచింది. తమాషా చూద్దామని ఎప్పటికంటే ఎక్కువమంది వచ్చారు. గోడకు ఆనుకొని మొగిలమ్మ మనవడు శేఖర్, వాడి దోస్తులు. అందరికంటే పెద్ద గొంతు శేఖర్‌దే, లారీ మీద క్లీనర్‌గా నాలుగు ఊళ్లు తిరిగినవాడు.

"టీచరమ్మా, థియరీ బాగనే చెప్తానవ్, ప్రాక్టికల్స్ ఎప్పుడు?"

గది గొల్లుమంది. మానస చెవులు ఎర్రబడ్డాయి. బొమ్మల చార్టు గోడకు తగిలిస్తూ, వెనక్కి తిరగకుండానే అంది, "నువ్వు లారీ కడుగుడు నేర్చుకున్నంక పెడదాం తమ్మీ. మొన్న మీ డ్రైవర్ అందరి ముందట తిడుతుండె గదా, అద్దం తుడుసుడు కూడ రాదని."

ఈసారి నవ్వు శేఖర్ మీదకు తిరిగింది. ఆడపిల్లలు కూడా నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నారు. మానస మొదలుపెట్టింది. జాతరలో పచ్చబొట్టు పొడిపించుకునేటప్పుడు సూది కొత్తదా కాదా అడగాలని చెప్పింది. నిరోధ్ కొనడానికి సిగ్గుపడకూడదని, దవాఖానలో ఊరికే ఇస్తారని చెప్పింది. వచ్చినా గోలీలు రోజూ వేసుకుంటే అందరిలాగే బతుకుతారని, పెళ్లి చేసుకుంటారని, పిల్లల్ని కంటారని చెప్పింది. మనిషిని చూసి ఉందో లేదో ఎవరూ చెప్పలేరంది.

"చెప్పచ్చు!" అన్నాడు శేఖర్, నవ్వు తిరిగి తెచ్చుకోవాలని. "రేపు నువ్వు ఒట్టేస్తానవ్ గదా. ఆ తర్వాత బస్తీ మొత్తాన్ని లైన్ల నిలవెడదాం. ఒక్కొక్కలు తడిబట్టల మీద వచ్చి ఒట్టెయ్యాలె. ఎవడు వెయ్యకుంటే వాడు దొరికినట్టే!"

"నువ్వే ఫస్టు రా," అన్నాడు ఒకడు. "నీ బకెట్ నేను తెస్త," అన్నాడు ఇంకొకడు. గది మళ్లీ గొల్లుమంది.

ఒక్కరు మాత్రం నవ్వలేదు. తల వంచుకొని, చాప అంచున లేచిన ఈనెను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నారు. మానస చూపు అక్కడ పడింది. పడిన వెంటనే తీసేసింది. తన చూపు వెంట ఇంకొకరి చూపు అటు పోతుందని భయపడి, చార్టు వైపు తిరిగి అవసరం లేని బొమ్మ ఒకటి చూపించి మళ్లీ మొదటి నుంచి చెప్పింది. ఆ కూర్చున్నది మగపిల్లవాడో ఆడపిల్లో కూడా ఆమె ఎవరికీ చెప్పలేదు.

అందరూ పోయాక చాప చుట్టి మూలన పెట్టి, అక్కడే నేల మీద చాలాసేపు కూర్చుంది. నిర్మల అన్నానికి పిలిస్తే ఆకలి లేదంది.

ఆదివారం పొద్దున పోచమ్మ గుడి ముందు జనం నిండారు. ముఠా ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క. నిర్మల కొత్త వేపమండ తెచ్చి గడపకు పెట్టింది, పసుపు రాసింది. ఆమె మొహం వారం రోజుల తర్వాత కాస్త తెరిపిగా ఉంది. బోరింగు దగ్గర మొగిలమ్మ స్వయంగా బిందె నింపి మానస నెత్తి మీద గుమ్మరించింది. మూడు బిందెలు. చీర ఒంటికి అతుక్కుపోయింది. నిర్మల తువ్వాల కప్పబోతే మొగిలమ్మ లాగేసింది.

"తడిబట్టలంటే తడిబట్టలే."

మగవాళ్ల వైపు నుంచి ఫోన్లు పైకి లేచాయి. అందులో శేఖర్ ఫోను ఒకటి. మొగిలమ్మ అది చూసి బిందె చేతబట్టుకొని వాళ్ల మీదికి పోయింది.

"ఏయ్! జేబుల పెట్టుండ్రిరా! తల్లి ముందట ఆడిపిల్ల నిలవడితె ఇది మీకు సినిమాలెక్క కొడుతాందా? పగలగొడుత ఒక్కొక్కని ఫోను!"

ఫోన్లు దిగాయి. మానస జుట్టు నుంచి నీళ్లు కారుతూ గుడి ముందుకు నడిచింది. మోకాళ్ల మీద కూర్చొని గడప మీద అరచెయ్యి పెట్టింది. పగిలిన వేళ్లకు పసుపు తగిలి చురుక్కుమంది.

"చెప్పు," అంది మొగిలమ్మ. "నాకు…"

మానస అందుకుంది.

"తల్లీ పోచమ్మా. నాకు రోగం ఉన్నదని చెప్ప, లేదని చెప్ప. ఎవలకున్నదో లేదో నన్నెవలు అడిగినా చెప్ప. నన్ను నమ్మి ఎవలేం చెప్పుకున్నా ఆ మాట నా నోట్లెనే ఉంటది. మా అమ్మ అడిగినా చెప్ప, పెండ్లయితే మొగుడు అడిగినా చెప్ప. చెప్తే నా నాలుకె పడిపోవాలె. ఇది నా ఒట్టు."

లేచి నిలబడింది.

ఒక్క క్షణం ఎవరికీ ఏం జరిగిందో తెలియలేదు. తర్వాత గోల లేచింది. "దాటేసింది! సూసిండ్రా, దాటేసింది!" "లేకుంటే లేదని చెప్పకపోవునా?" "ఉన్నది కాబట్టే!" ఎవరో మట్టిపెళ్ల విసిరారు, అది వేపమండకు తగిలి రాలింది. నిర్మల అక్కడే కూలబడి తల పట్టుకుంది. మొగిలమ్మ మానస మొహంలోకి చూసి, పక్కకు తిరిగి ఉమ్మింది.

"రేపటి సంది తల్లీబిడ్డలు నా షెడ్డు దిక్కు రావొద్దు."

రాలేదు వాళ్లు. నిర్మల నర్సంపేట దారిలో చేన్లకు మిరపకాయ ఏరడానికి పొద్దున్నే ఆటోలో కుక్కుకొని పోసాగింది. ఎండలో పని, కూలి తక్కువ, రాను పోను ఒళ్లు హూనం. ఇంటికి వచ్చి కూతురితో మాట్లాడదు. అన్నం పళ్లెం శబ్దం చేస్తూ ముందు పెట్టి అటు తిరిగి పడుకుంటుంది. మానసను ఆటోవాడు ఎక్కించుకోనన్నాడు, మిగతావాళ్లు దిగిపోతామన్నారని. శనివారం చాప పరిస్తే ఒక్క ప్రాణి రాలేదు. పద్మలత ఫోనులో, "ఎంత పని చేసినవ్ మానసా! ఈ నెల చూస్త, తర్వాత నా చేతుల లేదు," అంది.

అయితే మరుసటి రోజు నల్లా దగ్గర ఒక అమ్మాయి బిందె కింద పెట్టి, మానస వైపు చూడకుండా, నీళ్ల ధారతో మాట్లాడుతున్నట్టు ఏదో అడిగింది. మానస కూడా ధారను చూస్తూనే జవాబు చెప్పింది. బిందె నిండింది, ఆ అమ్మాయి పోయింది. ఇంకో పొద్దు ఇంటి వెనుక గోడ అవతల నుంచి ఒక మగపిల్లవాడి గొంతు. ఇంకో రోజు ఒక తల్లి, చింతపండు అప్పు కోసం వచ్చినట్టు గిన్నె పట్టుకొని వచ్చి, చింతపండు మరిచిపోయి పోయింది. ఎవరూ చాప మీద కూర్చోలేదు. ఎవరూ బజార్లో పలకరించలేదు. ఎదురుపడితే మొహం తిప్పుకునే పోయారు.

తర్వాత ఒక మధ్యాహ్నం, బజారంతా ఎండకు మాడి కుక్కలు కూడా అరుగుల కింద దూరిన వేళ, మొగిలమ్మ వచ్చింది. దూరం నుంచే తిడుతూ వచ్చింది.

"ఏదీ అది! నా గంప ఎత్తుకపోయిండ్రట తల్లీబిడ్డలు! ఎక్కడ పెట్టినవే నా గంప?"

గడప దాటాక నోరు ఆగిపోయింది. నిలబడే ఉంది. తువ్వాల తీసి మొహం తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది. మానస పీట వేసింది. కూర్చోలేదు.

"గంప మా దగ్గర లేదవ్వా."

"తెలుసు."

మానస నీళ్లు ఇచ్చింది. మొగిలమ్మ ముంతను పట్టుకొని చూసింది. ఎత్తి పోసుకోలేదు, నోటికి ఆనించుకొని గటగటా తాగింది. తాగాక ముంత కింద పెట్టకుండా రెండు చేతుల మధ్య తిప్పుతూ నిలబడింది.

"పోచమ్మకాడ ఒట్టేసినవ్ గదా?" అంది. షెడ్డులో, గుడి ముందు విన్న గొంతు కాదది.

"ఏసిన."

"తడిబట్టల మీద."

"నువ్వే గదా అవ్వా నీళ్లు పోసినవ్."

"మీ అమ్మకు గూడ చెప్పవు?"

"చెప్ప."

"నా కోడలుకు? నా మనుమనికి? బక్కమ్మకు?"

"ఎవలకు చెప్ప అవ్వా."

ముసలమ్మ పీట మీద కూర్చుంది. మోకాళ్లు పట్టుకొని మెల్లగా కూర్చుంది. బజారు వైపు ఒకసారి చూసి, "తలుపు పెట్టు," అంది.

మానస తలుపు పెట్టింది.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. మొగిలమ్మ కొంగు నడుముకు బిగించుకుంటూ బయటికి వచ్చింది. గడప దిగీ దిగగానే వీధి మొత్తం వినేలా మళ్లీ అందుకుంది.

"రేపు పొద్దుగాల మీ అమ్మను షెడ్డుకు తోలు! ఎండల పడి సచ్చేటట్టున్నది! నువ్వు మాత్రం రాకు! ఇంట్లనే ఉండు, తెలిసిందా? ఇంట్లనే ఉండు!"

ఎదురింటామె కిటికీలోంచి చూసి, "ముసల్ది ఇంకా విడిచిపెడతలేదు దాన్ని," అనుకుంది. తలుపు దగ్గర మానస తల ఊపింది. రెండు రోజుల తర్వాత ఇద్దరూ పెద్ద దవాఖాన వైపు పోయారని ఒకరిద్దరు చూశారు. ముందు ఆటోలో ఒకరు, వెనుక ఆటోలో ఒకరు.

ఏమడిగింది అంటావా? తన గురించా, మనవడి గురించా, ఇంకెవరి గురించా? నాకు తెల్వదు బిడ్డా. ఈ వరంగల్‌లో ఎవరి పెళ్లిలో ఏ కూర మాడిందో కూడా నేను చెప్పగలను, ఆ తలుపు వెనుక మాట మాత్రం నాకు దొరకలేదు. మానసనే అడిగాను. చాయ్ తాగుతావా అమ్మమ్మా, అంది. చాయ్ పోసింది, మంచిగా చేస్తుంది. అంతే.

మరచిపోకు ఈ ముచ్చట. రేపు నీ ఈడు పిల్లలు కూర్చున్న చోట నువ్వు చెప్పు. షెడ్డు నుంచి మొదలుపెట్టి అంతా చెప్పు, ఉమ్మింది కూడా చెప్పు, దాచకు. తలుపు పెట్టిన కాడికి రాగానే ఆగు. లోపల ఏమైందని ఎవరన్నా పట్టుబడితే, నువ్వు కల్పించి చెప్పకు.